గుడ్డుని తూచి చూడండి

పది బాతుగుడ్లు తెచ్చి ఇంక్యుబేటర్లో పెట్టారు. వేడి తగ్గకుండా చూసుకున్నారు, పూటపూటా గుడ్లు తిప్పారు. 7వ రోజు టార్చి వేసి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనిపించాయి, ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. 25వ రోజున కదలిక కూడా చూశారు. 28 వచ్చింది, 30 కూడా వచ్చింది. బయటికొచ్చినవి రెండే. మిగతా ఎనిమిదీ పగలగొట్టి చూస్తే, పిల్లలు నిండుగా తయారై, ముక్కు పైకి పెట్టుకుని, పెంకు లోపలే చచ్చిపోయి ఉన్నాయి.

ఇది మీకు జరిగిందా? జరిగి ఉంటే ముందు ఒక మాట వినండి. అన్ని రోజులు అంత శ్రద్ధగా చూసుకున్నవాళ్లకి బాతుపిల్లలు లేవకపోవడానికి కారణం అశ్రద్ధ అయ్యుండదు. చాలాసార్లు అది తడి లెక్క తప్పడం. కోడిగుడ్డుకి నేర్చుకున్న పద్ధతినే బాతుగుడ్డుకి వాడేస్తాం. ఎక్కడో చదివిన తేమ శాతాన్ని పట్టుకుని, మన ఇంటి గాలి ఎలా ఉందో చూడటం మర్చిపోతాం.

లోపల జరిగేది ఇంతే. పెంకుకి కంటికి కనబడని వేల రంధ్రాలుంటాయి. 25 రోజుల్లో గుడ్డు తన బరువులో దాదాపు 13 శాతం నీటిని వాటి గుండా బయటికి వదలాలి. నీరు పోయిన మేరకు వెడల్పు కొసన గాలి గది పెరుగుతుంది. పిల్ల మొదటి ఊపిరి పీల్చేది ఆ గదిలోనే. నీరు సరిగా పోకపోతే గది ఇరుకైపోయి పిల్లకి ఊపిరాడదు. మరీ ఎక్కువ పోతే పెంకు కింది పొర ఎండిపోయి పిల్లకి బిగుసుకుపోతుంది, అది తిరగలేదు, పెంకు కొయ్యలేదు.

అంటే మీకు కావలసిన ముఖ్యమైన పనిముట్టు వంటింట్లోనే ఉంది. గ్రాముల్లో చూపించే తూకం మిషను. ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు పిల్లల సంగతి తేల్చుకోండి

పది గుడ్లకి ఏడు పిల్లలు లేచాయనుకోండి. వాటిలో ఇంచుమించు సగం మగవి. రెండు నెలలు తిరిగేసరికి అవి పెద్ద బాతులవుతాయి. రోజంతా నీళ్లు చిమ్ముతాయి, పలచగా రెట్ట వేస్తాయి, ఆడవి గట్టిగా అరుస్తాయి. మూడో అంతస్తు బాల్కనీలో ఇది సాగే పని కాదు. బెంగళూరు శివార్లలో ఆనేకల్ వైపో, దొడ్డబళ్లాపురం వైపో చుట్టాలకి తోట ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. వాళ్లు సరేనన్నాకే గుడ్లు తెచ్చుకోండి.

"చెరువులో వదిలేస్తే పోలా?" అని పిల్లలు అడుగుతారు. వద్దని గట్టిగా చెప్పండి. పెంపుడు బాతుకి కుక్క నుంచీ గద్ద నుంచీ తప్పించుకోవడం తెలియదు. పైగా దాని జబ్బులు అడవి పక్షులకి అంటుకుంటాయి. అలాగే చెరువు గట్టు తుంగలో గుడ్లు కనబడితే ముట్టుకోవద్దు. బెంగళూరు చెరువుల్లో కనిపించే, నల్లటి ముక్కుకి కొసన పసుపు రంగున్న బాతు మన దేశపు అడవి పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణగా ఉంది.

2. ఎలాంటి గుడ్లు తేవాలి?

అంగట్లో కూరకి అమ్మే గుడ్డు పిల్ల అవుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. పోతుబాతు లేని మంద గుడ్లయితే ఎన్నాళ్లు పొదిగించినా వట్టివే. అయిదారు ఆడబాతులకి ఒక పోతు ఉన్న మంద నుంచి తెచ్చుకోండి. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. నగరానికి వాయవ్యంగా హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ పౌల్ట్రీ అభివృద్ధి, శిక్షణ సంస్థ ఉంది. అక్కడ బాతుల పెంపకం చాలాకాలంగా జరుగుతోంది, రైతులకి శిక్షణ కూడా ఇస్తారు. అక్కడ ముఖ్యంగా పెంచేది ఖాకీ క్యాంప్‌బెల్ జాతి. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో యూలీ అనే ఊళ్లో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ జాతిని తయారుచేసింది. గుడ్లు దండిగా పెడుతుంది కానీ పొదగడం మాత్రం దాదాపు మర్చిపోయిన జాతి ఇది. అందుకే దాని గుడ్లకి ఇంక్యుబేటరో, పొదుగు కోడో కావాలి.

వెళ్లేముందు ఫోన్ చేసి గుడ్లు దొరుకుతాయో లేదో కనుక్కోండి. షెడ్డులోకి వస్తామని మాత్రం పట్టుబట్టకండి. 2012 అక్టోబరులో హెసరఘట్టలోనే టర్కీ కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చి వేల పక్షుల్ని చంపాల్సి వచ్చింది. బయటివాళ్ల చెప్పులంటే అలాంటి చోట భయపడటంలో తప్పులేదు.

గుడ్లు ఏరేటప్పుడు మరీ పెద్దవి, మరీ చిన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి, నెర్ర పట్టినవి పక్కన పెట్టండి. బాతు తెల్లవారుజామున, తడి నేల మీదే గుడ్డు పెట్టేస్తుంది. అందుకే బురద అంటిన గుడ్లు ఎక్కువ. వాటిని కడిగి పెడదామనుకోకండి. పెంకు మీద సహజంగా ఉండే సన్నని పూత కడిగితే పోతుంది, క్రిములు లోపలికి దూరతాయి. శుభ్రంగా ఉన్నవే పొదగెయ్యండి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో కోతలయ్యాక మడుల్లో బాతుల మందలు తిరుగుతాయి కదా, అక్కడి చుట్టాలు రాత్రి బస్సుకి గుడ్లు పంపుతామంటారు. తెప్పించుకోవచ్చు, కానీ ఎండాకాలం వద్దు. 27 డిగ్రీలు దాటిన వేడికి పిండం అరకొరగా పెరగడం మొదలై, దారిలోనే ఆగిపోతుంది. చలికాలంలో వచ్చిన గుడ్లని కూడా సన్నకొస కిందికి పెట్టి ఒక రాత్రంతా కదపకుండా ఉంచండి. కుదుపులకి చెదిరిన గాలి గది కుదుటపడుతుంది. గుడ్డు పెట్టిన వారంలోపు పొదిగించాలి. ఫ్రిజ్‌లో దాచకండి, ఆ చలికి పిండం చనిపోతుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది మూల చాలు.

3. మీటర్లని నమ్మే ముందు పరీక్షించండి

కొన్న ఇంక్యుబేటరైనా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో థర్మోస్టాట్ తెచ్చుకుని థర్మోకోల్ పెట్టెలో అమర్చుకున్నదైనా, గుడ్లు పెట్టకుండా ఒక రోజంతా నడిపి చూడండి. సొంతంగా చేసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఎల్ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, పొదిగించడానికి చాలినంత వేడి ఇవ్వదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బే కావాలి.

మరి థర్మామీటరు సరిగ్గా చూపిస్తోందని నమ్మకం ఏమిటి? మరిగే నీళ్లలో ముంచి 100 చూపిస్తే సరి అనుకునేవాళ్లున్నారు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ పరీక్షని నమ్మితే మంచి థర్మామీటరుకి లేని తప్పు అంటగడతారు. అంతకన్నా సులువైన దారి ఉంది. గ్లాసెడు గోరువెచ్చని నీళ్లలో జ్వరం చూసే థర్మామీటరునీ, ఇంక్యుబేటరు థర్మామీటరు మొననీ పక్కపక్కన ముంచండి. మనకి కావలసింది 37.5 డిగ్రీల చుట్టుపక్కల నిజం చెప్పడం. జ్వరం థర్మామీటరు పనే అది.

తేమ మీటరుకి ఉప్పు పరీక్ష. సీసా మూత నిండా ఉప్పు పోసి, ముద్దగా అయ్యేదాకా నాలుగు చుక్కలు నీళ్లు కలపండి. దాన్నీ మీటరునీ గాలి చొరని కవరులో పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి 75 శాతం చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు 7 తక్కువ చెబుతోందన్నమాట. ఆ తేడాని పెట్టె మీదే రాసి అంటించండి.

ఫ్యాను ఉన్న ఇంక్యుబేటరులో 37.5 డిగ్రీలు. ఫ్యాను లేనిదైతే గుడ్డు పైభాగం దగ్గర 38.5 దాకా ఉండాలి, ఎందుకంటే అందులో పైన వేడి, కింద చలువ. వేడి ఎక్కువైతే జరిగే నష్టం, తగ్గితే జరిగే నష్టం కన్నా చాలా పెద్దది. కిటికీ పక్కన, ఎండ పడే చోట పెట్టె పెట్టకండి.

4. మొదటి రోజు పెన్సిలు పట్టుకోండి

ప్రతి గుడ్డుకీ ఒక అంకె వేయండి. ఒక వైపు ఇంటూ గుర్తు, రెండో వైపు సున్నా గీయండి. ఒక్కొక్కటీ తూచి బరువు కాగితం మీద రాసుకోండి. బాల్‌పెన్ను, స్కెచ్‌పెన్ను వద్దు.

5. వారానికోసారి తూకం

అధ్యాయం మొత్తంలో ఈ భాగాన్ని రెండుసార్లు చదవమని అడుగుతున్నాను.

ఒక్కోటి 70 గ్రాముల చొప్పున పది గుడ్లు, మొత్తం 700 గ్రాములు అనుకుందాం. 7వ రోజుకి అవి 675 దగ్గర ఉండాలి. 14వ రోజుకి 650. 25వ రోజుకి 610. రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అయితే బెంగపడక్కర్లేదు. మధ్యలో వట్టి గుడ్లు తీసేస్తే, మిగిలిన వాటి మొదటి బరువులు కలిపి కొత్త మొత్తం రాసుకోండి. ఒక్కో గుడ్డు తూకంలో గ్రాము తేడా దొర్లవచ్చు, అన్నీ కలిపి తూస్తే ఆ తేడా పెద్దగా తెలియదు.

14వ రోజుకి 630కి పడిపోయాయా? నీరు వేగంగా పోతోంది, పెట్టెలో తేమ పెంచాలి. ఇంకా 670 దగ్గరే ఉన్నాయా? తేమ తగ్గించాలి, గాలి రంధ్రాలు కాస్త తెరవాలి. మామూలుగా 55 శాతం దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాత తూకం చెప్పినట్టు సర్దుకుంటూ పోవాలి.

ఇందులో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తేమ పెంచాలంటే గిన్నె నిండుగా నీళ్లు పోస్తారు. గాలిలోకి ఎంత తేమ చేరుతుందన్నది నీటి లోతుని బట్టి ఉండదు, నీరు ఎంత వెడల్పున పరుచుకుని ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. లోతు గిన్నె తీసేసి వెడల్పాటి పళ్లెం పెట్టండి. అదీ చాలకపోతే పళ్లెంలో ఒక గుడ్డముక్క తడిపి, దాని చివర పైకి నిలిచేలా ఉంచండి.

బెంగళూరు గాలి సంగతి చూడండి. మార్చి మధ్యాహ్నం బయట 33 డిగ్రీలు, తేమ 30 శాతం లోపు ఉండటం ఇక్కడ మామూలే. ఆ గాలి పెట్టెలో 37.5 డిగ్రీలకి వేడెక్కితే తేమ దాదాపు 20 శాతానికి దిగుతుంది. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఫ్లాటు, పగలంతా ఏసీ, ఇంక్యుబేటరులో ఒక చిన్న నీళ్ల డబ్బా. ఇంక గుడ్లు ఎండిపోక ఏమవుతాయి? పైగా ఎత్తు మీది ఊళ్లో గాలి పలచన, పెంకు గుండా నీరు కాస్త త్వరగానే పోతుంది.

మరి జులైలోనో? రోజూ ముసురు, బట్టలు ఆరవు, కాబట్టి నీళ్లు అక్కర్లేదని తీసేస్తారు. అదీ తప్పే. బయట 22 డిగ్రీల చలిలో 80 శాతం తేమ ఉన్న గాలి, పెట్టెలో 37.5కి వేడెక్కేసరికి 33 శాతం దగ్గరికి పడిపోతుంది. వానాకాలంలోనూ నీళ్లు కావాలి, ఎండాకాలమంత అక్కర్లేదు, అంతే. ఎంత అన్నది మల్లేశ్వరంలో నేల మీది పాత ఇంటికొకలా, పదో అంతస్తు ఫ్లాటుకొకలా ఉంటుంది. అందుకే పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు. మీ తూకమే మీకు చెప్పాలి.

6. తిప్పడం

రోజుకి మూడుసార్లో అయిదుసార్లో. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా కదలకుండా ఉండే వైపు రోజు విడిచి రోజు మారుతుంది. తిప్పకపోతే పిండం పెంకు పొరకి అతుక్కుపోతుంది. ఇంటూ గుర్తు పైకి, తర్వాత సున్నా పైకి. దానంతటదే తిప్పే ట్రేలు చాలావరకు కోడిగుడ్డు కొలతకి చేసినవి. బాతుగుడ్డు వాటిలో ఇరుక్కుంటుంది, కొనేముందే చూసుకోండి.

7. రోజూ కాసేపు చల్లార్చండి

8వ రోజు నుంచి 24వ రోజు వరకూ రోజుకోసారి మూత తీసి పది, పదిహేను నిమిషాలు గుడ్లని గదిలో చల్లారనివ్వండి. తర్వాత గోరువెచ్చని నీళ్లు పిచికారీ చేసి మూసేయండి. గూట్లో పొదిగే తల్లి బాతు చేసేదీ ఇదే. మేతకి వెళ్లి, నీళ్లలో మునిగి, తడి ఈకలతో వచ్చి మళ్లీ కూర్చుంటుంది. రోజులు గడిచేకొద్దీ లోపలి పిల్లలే వేడి పుట్టిస్తాయి, పెద్ద గుడ్డు కాబట్టి ఆ వేడి తొందరగా బయటికి పోదు. చన్నీళ్లు మాత్రం కొట్టకండి.

8. టార్చి వేసి చూడటం

7, 14, 25 రోజుల్లో చాలు. చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి మీద, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద చిల్లు పెట్టిన అట్ట ఉంచి, గుడ్డు వెడల్పు కొసని దానికి ఆనించండి. 7వ రోజున సాలెగూడులా నరాలు, మధ్యలో చిన్న నల్లటి చుక్క కనబడితే పిల్ల బతికి ఉంది. అంతా తేటగా ఉంటే వట్టి గుడ్డు. నరాలు లేకుండా ఒక ఎర్రటి వలయం మాత్రమే ఉంటే పిండం పోయింది. ఇవి రెండూ తీసేయండి. "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనిపిస్తుంది. కానీ మురిగిన గుడ్డు లోపలే పగిలితే మొత్తం పెట్టెకి క్రిములు పడతాయి. వాసన తేడాగా ఉన్న గుడ్డుని ఆ క్షణమే బయటికి తీయండి.

రోజూ తీసి చూడాలని పిల్లలు మారాం చేస్తారు. వాళ్లకి తూకం రాసే కాగితం అప్పగించండి. మీకంటే జాగ్రత్తగా రాస్తారు.

9. కరెంటు పోతే కంగారు పడకండి

మూత తీయకుండా పెట్టె మీద దుప్పటి కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూయకండి. రెండు మూడు గంటలు చల్లబడినంత మాత్రాన గుడ్లు పాడవవు. మరీ ఎక్కువసేపు రాకపోతే వేడి నీళ్ల సీసాకి తువాలు చుట్టి గుడ్లకి తగలకుండా లోపల పెట్టండి. అపార్ట్‌మెంటు జనరేటరు ఆ గదికి కరెంటు ఇస్తుందో లేదో ముందే చూసుకోవడం మేలు.

10. 25వ రోజు నుంచి చేతులు కట్టుకోండి

ఇక్కడే మీ ఓపికకి పరీక్ష. తిప్పడం ఆపేయండి. చివరిసారి తూచి, కింద జారని గరుకు గుడ్డ పరిచి, గుడ్లు పడుకోబెట్టి, తేమ 70 నుంచి 75 శాతానికి పెంచి మూత వేయండి. ఇంక తీయకండి.

గుడ్డులో జరిగేవి వరసగా ఇవి. పిల్ల ముందు లోపలి పొరని ముక్కుతో పొడిచి గాలి గదిలోకి వస్తుంది. చెవి పెడితే టకటక చప్పుడు, సన్నని కూత వినిపిస్తాయి. తర్వాత పెంకు మీద నక్షత్రం ఆకారంలో చిన్న నెర్ర పడుతుంది. ఆ తర్వాత? ఏమీ జరగదు. గంటలు గడుస్తాయి, రాత్రి గడుస్తుంది. పిల్ల చచ్చిపోయిందేమోనని మీ గుండె కొట్టుకుంటుంది. అది చావలేదు. పొర నరాల్లోని రక్తాన్ని తనలోకి లాక్కుంటోంది, మిగిలిన పచ్చసొనని పొట్టలోకి తీసుకుంటోంది. నెర్ర పడ్డాక ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పట్టొచ్చు. ఈలోగా సాయం చేద్దామని పెంకు ఒలిచారనుకోండి, ఆ నరాలు తెగి పిల్ల నెత్తురు కారి పోతుంది. పొదిగించడంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇలా ప్రేమతోనే జరుగుతుంది.

మరి ఎప్పుడు కలగజేసుకోవాలి? నెర్ర పడి ఒక రోజు దాటి, పొర గోధుమరంగుకి తిరిగి, అట్టలా బిగుసుకుపోతే మాత్రమే. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో ముక్కు రంధ్రాలకి తగలకుండా ఆ పొరని తడపండి. ఎర్రటి నరం కనిపిస్తే అక్కడితో ఆపి మూత వేసేయండి.

పిల్ల బయటికొచ్చాక కూడా ఒక రోజు ఇంక్యుబేటరులోనే ఉండొచ్చు. పొట్టలో పచ్చసొన ఉంది, ఆకలి వేయదు. ఒళ్లు ఆరి, మెత్తగా బొద్దుగా అయ్యాకే తీయండి.

11. ఇంక్యుబేటరు లేకపోతే?

ఆనేకల్ తోటలో నాటుకోడి పొదుగు మీద ఉందా? అదే మీ యంత్రం. దాని కింద ఎనిమిది, పది బాతుగుడ్లు పెట్టండి. దాని సొంత గుడ్లకి 21 రోజులు, బాతుగుడ్లకి 28, మస్కోవీ బాతువైతే 35 దాకా. ఆ అదనపు రోజుల్లో కోడి నీరసించకుండా రోజూ లేపి మేత, నీళ్లు పెట్టండి. అది లేచినప్పుడు గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు చిలకరించండి. గుడ్డు పెద్దది కాబట్టి కోడి సరిగా తిప్పలేదు, మీరే తిప్పాలి.

12. మొదటి వారం

అట్టపెట్టెలో బల్బు, దాని కింద 32 డిగ్రీలు, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. కింద న్యూస్ పేపరు పరచకండి, కాళ్లు జారి చీలిపోతాయి. గోనెపట్టా మంచిది. నీళ్ల పళ్లెం ముక్కు మునిగేంత లోతు ఉండాలి, పిల్ల దిగి కూర్చునేంత ఉండకూడదు. బాతుపిల్ల కదా, ఈదితే చూడాలని ఎవరికైనా ఉంటుంది. తల్లి లేని పిల్లకి ఈకలకి నూనె అంటదు, తడిసి వణికిపోతుంది. ఈకలు వచ్చేదాకా ఆగాలి.

మేత విషయంలో ఒకే ఒక్క భయం పెట్టుకోండి, బూజు. వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ విషానికి బాతుపిల్లలు కోడిపిల్లల కన్నా చాలా తొందరగా లొంగిపోతాయి. బెంగళూరు వానాకాలంలో తెరిచిన మేత సంచి తొందరగా బూజు పడుతుంది. కొద్దికొద్దిగా కొనండి, వాసన చూసి పెట్టండి, అనుమానం వస్తే పారేయండి. కోడిపిల్లల మేత పెడుతుంటే అందులో కొంచెం ఈస్టు పొడి కలపండి. బాతుపిల్లలకి నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలి, అది తగ్గితే కాళ్లు వంకరపోతాయి. పొడి మేత గొంతుకి అడ్డం పడుతుంది, తడిపి ముద్దగా పెట్టండి. పిల్లల్ని ముట్టుకున్న ప్రతిసారీ మీ ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. టీకాలు ఎప్పుడు, ఏవి అన్నది హెబ్బాళ పశువైద్య కళాశాలలో గానీ, దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో గానీ అడిగి తెలుసుకోండి.

లేవని గుడ్లని ఊరికే పారేయకండి. బయటికి తీసుకెళ్లి పగలగొట్టి, పిల్ల ఏ వయసులో ఆగిపోయిందో, లోపల తడి మిగిలి ఉందో, పొర ఎండి అతుక్కుందో చూసి, ఆ గుడ్డు అంకె పక్కన రాయండి. అంకెకి ఎదురుగా 14వ రోజు, 25వ రోజు బరువులు ఎలాగూ ఉన్నాయి. వచ్చే విడతకి నీళ్ల పళ్లెం ఎంత వెడల్పుది పెట్టాలో ఆ కాగితంలోనే దొరుకుతుంది.